తాళం పడని అమావాస్య

మా వీధికి సర్కారు నోటీసు వచ్చిందంటే ముందు తాళాలు పడేవి. అధికారులు వస్తున్నారని తెలిస్తే చాలు, మగ్గాలు నేసే మా వాళ్లంతా తలుపులు బిగించి తిరుత్తణి కొండకు బస్సెక్కేవారు. ఇల్లు తెరిచి ఉంటే ఏదో ఒకటి పట్టుకుపోతారని, మనిషి కనబడకపోతే నోటీసు దానంతటదే చల్లారిపోతుందని మా పెద్దల గట్టి నమ్మకం. మా వీధి భక్తికి మురుగన్ మురిసిపోయి ఉంటాడనుకోను. అసలు సంగతి ఆయనకు తెలియకుండా ఉంటుందా!

నాకు ఈ దాగుడుమూతలంటే ఒళ్లుమంట. మా ఊరు అత్తిమంజేరిపేట నుంచి రోజూ తిరుత్తణి వెళ్లి, బస్టాండు దగ్గర ఆన్‌లైన్ సెంటరులో పనిచేస్తాను. నోటీసులన్నీ తమిళంలోనే వస్తాయి, అదీ ఆఫీసు తమిళం. బడిలో తమిళమే చదివిన నాకే ఒకపట్టాన తలకెక్కదు. మా పెద్దవాళ్లు తమిళం గడగడా మాట్లాడతారు గాని చదవలేరు. అందుకని నోటీసు వచ్చినప్పుడల్లా దాన్ని మా ఇంటి తెలుగులోకి మార్చి, వీధివాళ్ల ఫోన్లకు వాయిస్ పంపడం మొదలుపెట్టాను. ఎవరు పంపారు, మనల్ని ఏం చేయమంటున్నారు, చేయకపోతే ఏమవుతుంది. అంతే చెబుతాను. నోటీసులో లేనిది ఒక్క ముక్క కలపను. ఈ విషయంలో నాకు కాస్త పొగరే.

పోయిన ఏడాది వచ్చింది కరెంటు నోటీసు. మగ్గం ఉన్న ఇళ్లకిచ్చే రాయితీ కొనసాగాలంటే తనిఖీ రోజు ఇల్లు తెరిచి ఉండాలి, వాడుకలో ఉన్న మగ్గం చూపించాలి. లేదంటే రాయితీ రద్దు. మా ఎదురింటి అక్కకు భర్త పోయాక ఆ మగ్గమొక్కటే దిక్కు. ఆ గదిలో పగలు కూడా లైటు వేస్తే గాని పోగు కనబడదు. రాయితీ పోతే ఆమె మగ్గం విప్పేయాల్సిందే. అలాంటిది, వీధిలో అందరికంటే ముందు కొండకు సంచీ సర్దుకున్నది ఆమే!

పరుగున వెళ్లాను. "ఇది పట్టుకపోయేదానికి కాదక్కా, ఇచ్చేది నిలబెట్టేదానికి. తాళం చూసినారంటే రాయితీ కొట్టేస్తారు" అన్నాను.

అక్క సంచీ కింద పెట్టింది. "సరే పాపా. వాళ్లొచ్చేది అమావాస్య నాడు గదా? ఆ పొద్దు మనం మగ్గం ముట్టం. ఆడకుండా ఉండే మగ్గాన్ని చూసి, వాడుకలో లేదని రాసుకోని పోతే నేను యాడికి పోయేది?"

నోటీసు మళ్లీ తీసి చూశాను. అందులో దాని ఊసే లేదు. ఏం కాదులే అనేయొచ్చు, అనలేదు. మరునాడు సెంటరుకు ఆలస్యంగా వస్తానని చెప్పి నోటీసు పంపిన ఆఫీసుకే వెళ్లి కూర్చున్నాను. మగ్గం మీద పడుగు, అదే నిలువు పోగులు, ఎక్కించి ఉంటే చాలని, ఆ నిమిషానికి నేస్తూ ఉండనక్కర్లేదని అక్కడి గుమాస్తా చెప్పాడు. ఇంటికి వచ్చేటప్పుడు బస్సులోనే వాయిస్ పంపాను.

అమావాస్య నాడు వీధిలో ఒక్క తాళం పడలేదు. బారులు తీరిన ఆ తెరిచిన తలుపులను చూస్తుంటే గుండె నిండిపోయింది. అధికారి ఏదైనా అడిగితే నేనే చెబుదామని, సెలవు పెట్టి మరీ అక్క గడపలో నిలబడ్డాను.

అధికారి వచ్చి, గుడ్డ కప్పిన మగ్గాన్ని చూశాడు. "తరి ఓడలయా?" అని, మగ్గం ఆడటం లేదా అని, అనుమానంగా అడుగుతూ పెన్ను తీశాడు. నేను గొంతు సవరించుకున్నాను.

"నువ్వుండు పాపా" అంది అక్క.

గుడ్డ తీసి, ఆయన వైపు తిరిగి తమిళంలో మొదలుపెట్టింది. ఈ రోజు అమావాస్య అని, తాము మగ్గం ముట్టమని, పడుగు ఇదిగో ఉందని, పడుగుంటే చాలని వాళ్ల ఆఫీసులోనే చెప్పారని, తొణక్కుండా చెప్పింది. ఆయన పడుగు మీద చెయ్యి పెట్టి చూశాడు, తలూపి ఏదో రాసుకున్నాడు. ఇక వెళ్లబోతుంటే అక్క గడపకు అడ్డం వచ్చింది.

ఖాకీ చొక్కా కనబడితేనే వంటింట్లోకి తప్పుకునే మనిషి, "రాసుకున్నది ఒకసారి చదివి వినిపించి పోండి సార్" అని అడిగింది.

ఆయన నిలబడి, మాట వదలకుండా చదివి వినిపించాడు. ఆ పూట అక్కడ నాతో ఎవరికీ పని పడలేదు. నేను చేసే పని మీద నాకు అంత గర్వం మునుపెన్నడూ కలగలేదు.