గర్ల్ అని పిలిచే శనివారం

ప్లెయిన్స్‌బరోలో నాగమల్లేశ్వరి గారిని ఆంటీ అనని తెలుగువాళ్ళు లేరు. మా అపార్ట్‌మెంట్లలో పిల్లలు అంటారు, ఆ పిల్లల తల్లులూ అంటారు, ఇండియన్ స్టోర్‌లో కౌంటర్ వెనక నిలబడే నేనూ అంటాను. నాకు ముప్ఫై ఎనిమిది, ఆవిడకి యాభై నాలుగు.

"నీకు నేను ఆంటీని ఎలా అవుతానయ్యా ఫణీ? ఆ బట్టతలకి నువ్వే నాకు బాబాయిలా ఉన్నావు" అంటుంది ఆవిడ. "థాంక్యూ ఆంటీ" అని బిల్లు చేతిలో పెడతాను.

ఈ అమెరికాలో ఆవిడని వేరేగా పిలిచే మనిషి ఒక్కడే ఉన్నాడు. పేరు డోనల్. డెబ్భై దాటిన ఐరిష్ ప్లంబర్. ఆయన ఆవిడని 'గర్ల్' అంటాడు.

ఆవిడది పాలకొల్లు. నర్సింగ్ చదివి, ఐర్లాండ్‌లో కార్క్ అనే ఊళ్ళో, ఆస్పత్రిలో పదేళ్ళు పైనే పనిచేసింది. తర్వాత భర్త రాఘవులు గారికి న్యూజెర్సీలో ఫార్మా ఉద్యోగం దొరికి ఇక్కడికి వచ్చారు. ఎవరైనా "ఊరు గుర్తొస్తుంటుందా ఆంటీ?" అని అడిగితే "రోజూ" అంటుంది. అడిగినవాళ్ళు పాలకొల్లు అనుకుని నిట్టూరుస్తారు. ఆవిడకి గుర్తొచ్చేది కార్క్. అక్కడ బస్సు దిగే ప్రతివాళ్ళూ డ్రైవర్‌కి థాంక్యూ చెప్పి దిగుతారట. "ఇక్కడ కారు పార్క్ చేసి దిగుతుంటే నోటిదాకా వస్తుంది ఫణీ, ఎవరికి చెప్పను?" అంటుంది. నాకు చెప్పమన్నాను. నేను బస్సు నడిపే రోజుల్లో స్టాపుల్లోని జనం బస్సు ఆగకుండానే థాంక్యూ చెప్పేవాళ్ళని కూడా చెప్పాను. నేను బస్సు ఎప్పుడూ నడపలేదని ఆవిడకి తెలుసు.

కార్క్‌లో చేరిన కొత్తలో ఒక ముసలాయనకి మాత్రలిస్తే "థాంక్స్, గర్ల్" అన్నాడట. ఆవిడకి ఒళ్ళు మండింది. పెళ్ళయినదాన్ని, స్టాఫ్ నర్సుని, పిల్లా అని పిలుస్తాడేమిటని పెద్ద సిస్టర్ దగ్గరికి వెళ్ళి కంప్లైంట్ చేసింది. సిస్టర్ అంతా విని, "పర్లేదులే, గర్ల్" అంది. బయటికొస్తే వార్డు తుడిచే ఆవిడ ఎనభై దాటిన పేషెంటుతో "కాళ్ళు పైకి పెట్టు, గర్ల్" అంటోంది. అప్పుడు అర్థమైంది. మన గోదావరి వాళ్ళు మాట మాటకీ 'అండి' తగిలించినట్టు కార్క్ వాళ్ళు 'గర్ల్', 'బాయ్' తగిలిస్తారు. వయసుతో పనిలేదు, తమ మనిషి అనుకుంటే చాలు.

ఫుట్‌బాల్ కూడా ఆవిడకి ఆ వార్డులోనే అంటుకుంది. 2002లో ప్రపంచ కప్ మొదలవకముందే కార్క్ కుర్రాడు రాయ్ కీన్ కోచ్‌తో గొడవపడి ఇంటికి వచ్చేశాడు. ఐర్లాండ్‌లో ఇల్లిల్లూ రెండుగా చీలింది. కీన్‌ది తప్పన్న ఒక పేషెంటుకి పక్క మంచాయన ఉప్పు డబ్బా కూడా అందించలేదట. బీపీ చూస్తే ఇరుపక్షాలకీ ఎక్కువే. ఇది ఆవిడ చెప్పిన లెక్క. నేనైతే బీపీ మిషన్లు పేలిపోయాయని చెప్పేవాణ్ణి.

ఇక్కడికి వచ్చాక ఏళ్ళ తరబడి 'గర్ల్' అన్న మాట ఆవిడ చెవిన పడలేదు. ఒక శనివారం పొద్దున్న పక్క ఊళ్ళో కారు దగ్గరికి నడుస్తుంటే ఐరిష్ బార్ తలుపు తెరుచుకుంది. లోపలినుంచి అచ్చం కార్క్ వాళ్ళలా రాగం తీస్తున్న ఇంగ్లీషు వినిపించింది. ఆవిడ తాళంచెవి పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. తలుపు మూసుకుంది. మళ్ళీ ఎవరైనా తెరుస్తారేమోనని ఇంకాసేపు నిలబడింది.

మర్నాడు స్టోర్‌కి వచ్చి, "ఫణీ, శనివారం పొద్దున్న ఖాళీయేనా? బార్‌కి వెళ్ళాలి" అంది. నా చేతిలోంచి కొత్తిమీర కట్ట కింద పడింది.

"మీరు తాగుతారా ఆంటీ?"

"టీ తాగుతాను. అక్కడ ఫుట్‌బాల్ వేస్తారు. ఒక్కదాన్నే వెళ్తే మన తెలుగు అసోసియేషన్ వాళ్ళ కళ్ళు పడతాయి. నువ్వు పక్కనుంటే నిన్ను తిట్టుకుని నన్ను వదిలేస్తారు."

"అంకుల్‌ని తీసుకెళ్ళొచ్చుగా?"

"ఐర్లాండ్ అంటేనే ఆయనకి జలుబు చేస్తుంది."

అలా మొదలైంది. ఇంగ్లండ్ లీగ్ మ్యాచ్‌లు మనకి పొద్దున్నే వస్తాయి గనుక ఆ బార్‌లో శనివారం పొద్దున్న గుడ్లు, టోస్టు, టీ. మ్యాచ్ అయిపోయాక అసలు ఆట మొదలవుతుంది. ఐరిష్ ఆటగాళ్ళందరిలోకీ గొప్పవాడు ఎవడు? ఈ ఒక్క ప్రశ్న మీద ఆ మూల బల్ల దగ్గర ఏళ్ళుగా గొంతులు పోగొట్టుకుంటున్నారు. డోనల్‌ది కార్క్, ఆయనకి రాయ్ కీన్ తప్ప దేవుడు లేడు. ఈమన్ అనే లావుపాటి రిటైర్డ్ టీచర్‌ది డబ్లిన్, ఆయన పాల్ మెక్‌గ్రాత్ మనిషి. ఇంకో ముగ్గురు ఎటు గాలి వీస్తే అటు.

మొదటిరోజే నా ప్రతాపం చూపించాను. ఈమన్ మెక్‌గ్రాత్ పేరెత్తగానే బల్ల గుద్ది, "మెక్‌గ్రాత్! ఆ చెయ్యి ఎవరికి ఉంది?" అన్నాను.

"చెయ్యా? ఫుట్‌బాల్‌లో చెయ్యేమిటి?" అన్నాడు ఈమన్.

"2003 ఫైనల్లో మొదటి ఓవర్లోనే మా సచిన్‌ని అవుట్ చేసిన చెయ్యి! నేను మరిచిపోతానా?"

అది ఆస్ట్రేలియా క్రికెట్ మెక్‌గ్రాత్ అని, వీళ్ళది మోకాళ్ళు అరిగిపోయినా ఎదురులేకుండా ఆడిన ఐరిష్ డిఫెండర్ అని తెలిసేసరికి బల్ల బల్లంతా నవ్వుతోంది. అప్పటినుంచి నాకు ఓటు హక్కు లేదు. పరువు నిలబెట్టుకోవాలి గనుక, మా కాలేజీ గ్రౌండ్‌లో నేను తన్నిన బంతి ఇప్పటికీ కిందికి రాలేదని చెప్పాను. అది దిగేదాకా ఆగలేకే ఇంజనీరింగ్ వదిలేశానన్నాను. ఆ రోజునుంచీ డోనల్ నన్ను చూడగానే "బంతి దిగిందా, బాయ్?" అని అడుగుతాడు. "ఇంకా లేదు" అంటాను.

ఆవిడ మాత్రం మొదటి శనివారం టీ కప్పు దించి, మెల్లగా, "జార్జ్ బెస్ట్ కదా అందరికన్నా గొప్ప?" అంది. డోనల్ కుర్చీలోంచి సగం లేచాడు.

"బెల్‌ఫాస్ట్ వాడు! నార్త్ టీమ్ వేరు, మన టీమ్ వేరు, గర్ల్!"

ఆవిడ ముఖం చూశాను. తిట్టించుకుని అంత సంతోషించిన మనిషిని నేను చూడలేదు.

మరుసటి శనివారం లియామ్ బ్రేడీ అంది. "కాళ్ళు బంగారమే, కానీ కీన్ గుండె ఎక్కడిది, గర్ల్?" ఆ తర్వాత మెక్‌గ్రాత్ అంది. "నువ్వు కూడానా, గర్ల్!" మళ్ళీ బెస్ట్ దగ్గరికి వచ్చింది. కారులో ఉండబట్టలేక అడిగాను.

"ఒక మాట మీద నిలబడరా ఆంటీ?"

"కీన్ అన్నాననుకో, 'కరెక్ట్' అని టీ తాగి ఊరుకుంటాడు. తప్పు చెబితేనే కదా పిలుస్తాడు."

"మరి మీ మనసులో ఎవరు?"

"కీనే. మా వార్డు వార్డంతా కీనే."

"ఓసారి కార్క్ వెళ్ళి రావచ్చుగా?"

"ఉన్న రెండు వారాల లీవూ ఇండియాకే చాలదు. వెళ్ళినా హోటల్లో దిగాలి ఫణీ. ఆ ఊళ్ళో నేను హోటల్లో దిగడమేమిటి?" అని కిటికీ వైపు తిరిగింది.

ఈ మార్చిలో డోనల్ చెప్పాడు, ఇల్లు ఖాళీ చేసి ఆరిజోనాలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నానని. ఈ చలికి కీళ్ళు పట్టేస్తున్నాయట. ఆఖరి శనివారం ఈమన్ లేచి నిలబడి, ఏళ్ళనాటి తగువు ఈరోజు ఓట్లతో తేల్చేద్దామన్నాడు. కీనా, మెక్‌గ్రాతా. ఈమన్‌తో కలిపి మెక్‌గ్రాత్‌కి రెండు చేతులు లేచాయి. మిగతా ఇద్దరూ కీన్ అన్నారు. ఇక ఆవిడ, డోనల్. డోనల్ ఓటు ఎటో అందరికీ తెలిసిందే.

నేను తెలుగులో గొణిగాను. "పోయేవాడికి గెలుపు ఇచ్చి పంపండి ఆంటీ."

"ఇస్తే ఇంకేం మిగులుతుంది?" అంది ఆవిడ, తెలుగులోనే. కప్పు సాసర్‌లో తిప్పుతూ కూర్చుంది. తప్పు చెబితే మరోసారి పిలిపించుకోవచ్చు, అదే ఆఖరుసారి. ఒప్పు చెబితే అదీ ఉండదు. చివరికి డోనల్ వైపు చూసి, "రాయ్ కీన్" అంది.

కీన్ పక్షంవాళ్ళు బల్ల చరిచారు. డోనల్ చరచలేదు. ఆవిడనే చూస్తూ నింపాదిగా చెయ్యెత్తి, "పాల్ మెక్‌గ్రాత్" అన్నాడు.

అంతా వేళ్ళు లెక్కపెట్టుకున్నారు. మూడూ మూడూ.

"మతి పోయిందా?" అన్నాడు ఈమన్.

"తొంభై నాలుగులో ఇక్కడే, జెయింట్స్ స్టేడియంలో, ఇటలీ మీద ఆడినప్పుడు గ్యాలరీలో ఉన్నాను. ఆ రోజునుంచీ నాకు మెక్‌గ్రాతే. కార్క్ వాణ్ణి, బయటికెలా చెప్పను?"

నాగమల్లేశ్వరి గారికి నిజంగానే కోపం వచ్చింది. "ఇన్ని శనివారాలు నాతో అబద్ధాలాడావా?"

డోనల్ నవ్వాడు. "నువ్వు మాత్రం, గర్ల్?"

ఆవిడ తల వంచుకుని చెంచా తీసి, చక్కెర వేసుకోని టీని చాలాసేపు కలిపింది.

తలుపు దగ్గర ఆయన నా భుజం తట్టి, "నీ బంతి ఆరిజోనాలో పడితే కబురు పెడతాను, బాయ్" అన్నాడు. ఆవిడకి చెయ్యి ఇచ్చాడు, ఏమీ అనలేదు. తగువు తేలలేదు కదా, అనాల్సింది ఇంకా ఉందన్నట్టు వెళ్ళిపోయాడు.

తర్వాతి శనివారం కూడా వెళ్ళాం. ఈమన్ మర్యాదస్తుడు, ఆవిడని 'మేడమ్' అంటాడు. ఆవిడ జార్జ్ బెస్ట్ అంది. "మంచి పాయింటే, మేడమ్" అన్నాడు. టీ సగంలోనే వదిలేసి లేచాం.

ఇంటి ముందు కారు ఆపాను. ఆవిడ దిగబోతూ, అలవాటుగా, "థాంక్యూ" అంది.

నేను గొంతు సవరించుకున్నాను. రాగం తీసి, కార్క్ మొత్తం నోట్లో నింపుకుని, "పర్లేదులే, గర్ల్!" అన్నాను.

ఆవిడ ముందు తెల్లబోయి, తర్వాత కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "ఛీ, నీ నోట్లో అది గర్ల్స్ హాస్టల్ బోర్డులా ఉందయ్యా" అంది. తలుపు తీసి, ఒక కాలు బయట పెట్టి, ఆగిపోయింది. ఇటు తిరగలేదు.

"మళ్ళీ అను" అంది.