మలుపులో బీడీకట్ట

జగదల్‌పూర్ నుంచి కిరండోల్ వచ్చే ప్యాసింజరు దారిలో మా ఆయన పోయిన మలుపు ఒకటుంది. ఆయన గ్యాంగుమేను. ఇనుపరాయి మోసే గూడ్సు బండికి అడ్డంగా పడిన బండలు తీస్తుంటే కొండ మళ్లీ జారింది. అటు వెళ్లినప్పుడల్లా కిటికీలోంచి ఒక బీడీకట్ట విసురుతాను.

ఆ రోజు కిటికీ పక్కన ఎవరో రైల్వే ఆఫీసరు ఒళ్లో మ్యాపు పరుచుకుని కూర్చున్నాడు.

"ఏటి బాబూ గీస్తన్నావు?"

"కొత్త లైనమ్మా. ఇక్కడ కొండ జారుతోంది కదా, పట్టాలు లోయ అవతలికి మార్చాలి."

"అయితే బండి ఇటు రాదా?"

"రాదు." నా చేతిలోకి చూసి నవ్వాడు. "ఈ వయసులో బీడీలేంటమ్మా?"

"నాక్కాదు బాబూ, మా ఆయనకి. ఈ మలుపులోనే పోయాడు."

అతను పెన్సిలు పక్కన పెట్టాడు. బిగుసుకుపోయిన కిటికీ తలుపును రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు. నేను విసిరాను. తర్వాత ఎంతసేపటికీ పెన్సిలు తీయలేదు.

"గీసెయ్ బాబూ," అన్నాను. "ఇంకెంతమంది మొగుళ్లని తింటాదీ కొండ?"

గీశాడు.

ఆ లైను ఇంకా పడలేదు. నాకూ ఓపిక తగ్గింది. బీడీకట్ట విసిరేటప్పుడు ఆయనకి చెబుతుంటాను, కొత్త లైను పడితే ఇక్కడ ఇంకెవరూ పోరని, నేనూ ఇటు రానని.