ఎడమచేతి గురి

ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్తుంటే, బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన ఎడమచేతి చూపుడువేలితో ముందు సీటు రాడ్డును టక్ టక్‌మని కొడుతూనే ఉన్నాడు. పాల్వంచ దాటేసరికి నాకు చిరాకొచ్చింది. "కాసేపు ఆపుతారా?" అన్నాను.

"అవ్ సార్, చెవుల మోగుతది" అని రాడ్డును వదిలేసి, ఒళ్లోని బ్యాగు మీద కొట్టసాగాడు. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయిందట. సారపాక మిల్లులో పనిచేసినన్నాళ్లూ, రిటైరయ్యాక కూడా, సాయంత్రమైతే భార్యతో క్యారమ్స్ ఆడటమే ఆయన సరదా.

"మొన్న మా ఆమె రెడ్ ఏసింది సార్. దాని ఎంట ఇంకో కాయిన్ ఏస్తెనే రెడ్ లెక్క. హోల్ అంచుకే ఉన్న కాయిన్ తప్పింది. పెండ్లయిన కాడినుంచి అసుంటిది ఒక్కటి తప్పలే. నన్ను గెలిపియ్యాలని చూసింది."

"మీ మీద ప్రేమతోనే కదండీ."

"ఏంది ప్రేమ? చెయ్యి పడిపోయింది గానీ ఆట మర్చిపోలే. ఆ పూట అన్నం గూడ తినలే నేను. గీ ఎడమచేత్తోనే ఓడిస్త. అప్పటిదాంక రోజూ ఓడినా మంచిదే."

సారపాకలో దిగేటప్పుడు కూడా ఆ వేలు తలుపు కమ్మీని ఒకసారి కొట్టింది.

మా అమ్మకు చూపు తగ్గినప్పటి నుంచి అష్టాచెమ్మాలో నేను కావాలనే ఓడిపోతున్నాను. ఆ ఆదివారం, పండబోతున్న ఆమె కాయను చంపేశాను. అమ్మ గవ్వలన్నీ తడుముకుని గుప్పిట పట్టింది.

"ఇన్నాళ్లకు ఆడినవ్ బిడ్డా. దగ్గరికి జరుగు, ఇంకో ఆట."