అమ్మ తోమిన నికెల్ స్పంజి

విశాఖపట్నంలో పరిశోధన చేస్తున్న రోజుల్లో పెందుర్తి నుంచి రోజూ బస్సులో ల్యాబుకు వెళ్లేదాన్ని. కరెంటును దాచుకుని అడగ్గానే ఇచ్చే చిన్న పరికరాలకు ఎలక్ట్రోడ్లు తయారు చేయడం నా పని. నికెల్ ఆక్సైడ్ పొడిని జిగురుతో కలిపి రేకుకు పూస్తే, వానకు తడిసిన గోడ సున్నంలా పెచ్చులూడిపోయేది.

నా సీనియర్‌ది భీమిలి, సముద్రంలో చేపల వేటకెళ్లే కుటుంబం. ఒకరోజు నా అవస్థ చూసి, "పూయడమెందుకే? నికెల్ స్పంజి మీదే మొలిపించేద్దాం. రాయికి నాచు పట్టినట్టు పట్టెయ్యాల" అంది.

ఒళ్లంతా సన్నని రంధ్రాలున్న లోహపు ముక్క అది. కొలతకు కత్తిరించుకుందామని కొన్ని ఇంటికి తెచ్చి, వంటింటి గట్టు మీద పెట్టి స్నానానికి వెళ్లాను. వచ్చేసరికి అమ్మ ఒకదానితో మూకుడు తోముతోంది.

"ఏటే ఈ పీసు? రెండు రుద్దులకే నుజ్జయిపోనాది!"

"అమ్మా, అది నా ఎలక్ట్రోడే!"

అమ్మ ముఖం పాలిపోయింది. నాకేమో నవ్వాగలేదు. ఇంకా ముక్కలున్నాయని చెప్పాక తనూ నవ్వింది. "అసలేటి సేత్తన్నావే నువ్వక్కడ?" అంది. నా పని గురించి తను అలా అడగడం అదే మొదటిసారి.

"ఒకరోజు ల్యాబుకు రా, చూపిస్తాను" అన్నాను.

మర్నాడు ల్యాబులో నేనూ సీనియరూ మిగిలిన ముక్కలను శుభ్రంగా కడిగి, నికెల్ లవణం, యూరియా కలిపిన నీళ్లలో ముంచి, గట్టి మూతున్న స్టీలు పాత్రలో బిగించి ఓవెన్‌లో పెట్టాం. బయటికి తీస్తే లేత ఆకుపచ్చ పూత! కొలిమిలో కాల్చాక నల్లబడింది. వేలితో రాసినా రాలలేదు. మైక్రోస్కోపు కింద, ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడ్డ పల్చటి రేకులు కనిపించాయి. సీనియర్ నన్ను పట్టుకుని గిరగిరా తిప్పేసింది.

అమ్మ వచ్చిన రోజున వాటికి జోడీగా బొగ్గు పూసిన ముక్కలు పెట్టి, రెండు సెల్స్ కట్టి ఛార్జి చేశాం.

"అమ్మా, ఈ తీగ నువ్వే తగిలించు" అంది సీనియర్.

అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని, భయంభయంగా తగిలించింది. చిన్న ఎర్ర దీపం వెలిగింది.

"ఎలిగిందే!" అని అరిచేసరికి పక్కగది వాళ్లు కూడా పరుగెత్తుకొచ్చారు.

"మా నాన్న పడవకి ఇలాటిదొకటి కట్టాల" అంది సీనియర్.

దీపం మెల్లగా మసకబారింది. "ఆరిపోతందే, మళ్లీ ఎక్కించండి" అని అమ్మ తొందరపెట్టింది. ఎక్కించాం. ఈసారి భయపడకుండా తనే తీగ తగిలించి, వచ్చినవాళ్లందరినీ పిలిచి చూపించింది. తను తెచ్చిన క్యారియరులో అన్నం చల్లారిపోయింది. ఎవరం పట్టించుకోలేదు.