ఆదివారం దించిన తాళ్లు

పసిఫిక్ సముద్రంలోని మా మనిహికి దీవి నడుమనున్న ఉప్పునీటి మడుగులో, ఆదివారం దేవుడి రోజని, ఎవరూ దిగరు. దిగేవాళ్ల మీద టెకురా ఒక కన్నేసి ఉంచుతుంది. మొగుడు పోయాక ముత్యపు చిప్పల పెంపకం ఒంటిచేత్తో నెట్టుకొస్తున్న మనిషి. పనిమంతురాలే, కాని ఆవిడ నోటికి జడిసి ఆదివారం చేపలు కూడా ఎగరవు. పోయినేడు సొంత మరిది టుహె ఆదివారం పూట తాళ్లు సవరిస్తుంటే చూసి, గుడి పెద్దలకు చెప్పి, తప్పు చేసినవాళ్లు కూర్చునే చివరి బల్లకు పంపించింది. అప్పట్నుంచి గుడిలో అతని చోటు అదే, ఇద్దరికీ మాటల్లేవు.

ఈమధ్య ఒక శుక్రవారం ఆవిడ లోతులోకి వేలాడే చిప్పల తాళ్లన్నీ నీటిపైకి దగ్గరగా లాగి కట్టింది. అలా కడితే చిప్పలకు పట్టిన పాచిని చిన్న చేపలు పొడుచుకు తింటాయి, మనకు గీకే పని తగ్గుతుంది. సోమవారం దించుదామనుకుంది. ఆదివారం తెల్లారేసరికి గాలి పడిపోయింది. అలాంటప్పుడు పైనీళ్లు కాగిపోయి, చిప్పలు ఊపిరాడక నోళ్లు తెరిచి చస్తాయి. ముత్యాలు తీయడానికి ఇంకా నెల ఉంది. అవి పోతే ఆవిడకు మిగిలేదేమీ లేదు.

ఉండబట్టలేక ఆవిడ ఇంటికి వెళ్లాను.

"అక్కా, పోయి దించుకో. దేవుడేమీ అనుకోడు."

"దేవుడి తరఫున మాట్లాడ్డానికి నీకెవరిచ్చారే పెత్తనం?" అని టోపీ పెట్టుకుని గుడికి నడిచింది.

పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకుని, ఒక్క పాటా తప్పకుండా పాడింది. నాకు జాలేసింది. అబద్ధమెందుకు, కాస్త కడుపు చల్లబడింది కూడా. ఆ రోజు చివరి బల్ల ఖాళీగా ఉన్న సంగతి నేను పట్టించుకోలేదు.

సోమవారం తెల్లవారగానే ఇద్దరం పడవలో వెళ్లాం. బెండ్లకు కట్టిన తాళ్లన్నీ ఎవరో పొడుగు చేశారు. చిప్పలు చల్లటి లోతులో, నోళ్లు గట్టిగా మూసుకుని బతికే ఉన్నాయి. ప్రతి తాడుకీ రెండు మెలికల ముడి. అది ఆవిడ మొగుడు వేసే ముడి. ఆయన పోయాక దీవిలో అలా వేసేది ఆయన తమ్ముడు టుహె ఒక్కడే. టెకురా ముడి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆ ఆదివారం మడుగులో టుహె పడవను ఎవరో చూడనే చూశారు. మరుసటి ఆదివారం గుడి పెద్ద లేచి, మడుగులో దిగినదెవరని అడిగాడు. వెనక టుహె లేవబోయాడు. అంతకు ముందే టెకురా నిలబడింది.

"తాళ్లు నావి. తప్పూ నాదే."

ఎవరూ పొమ్మనకముందే నడుచుకుంటూ చివరి బల్ల దగ్గరికి వెళ్లింది.

"కాస్త జరుగు," అంది టుహెతో.

"జరుగుతాలే వదినా. ఇక్కడ నిద్రపోవచ్చు గాని, గురక పెట్టకూడదు."

"నోర్మూసుకుని పాడు," అని పుస్తకం ఇద్దరి మధ్యా తెరిచి పెట్టింది.