కొల్లూరు లంకలో నేను కనిపెట్టిన కొండ

ఒక మనిషి ఒక్క పూటలో అత్తవారి అరటితోటనీ, మామగారి పరువునీ, సోషల్ మాస్టారుగా తనకున్న కాస్త పేరునీ ఎలా ముంచగలడో తెలుసుకోవాలంటే కొంచెం ఓపిగ్గా వినండి. నవ్వొస్తే ఆపుకోవద్దు. లంకలో ఎవరూ ఆపుకోలేదు.

అప్పటికి నాకు పెళ్లయి మూడు నెలలు. తెనాలిలో ఒక ప్రైవేటు స్కూల్లో పనిచేసేవాణ్ణి. కాలు ఒక్కచోట నిలిచేది కాదు. టిఫిన్ కూడా నడుస్తూ తినే రకం. ఆ రోజుల్లోనే పాత సర్వే పటాల పిచ్చి పట్టింది. ఇంటర్నెట్‌లో రెండు దొరికాయి. ఒకటి మన్యం కొండలది, రెండోది మన కృష్ణ ఒడ్డుది. మన్యం పటం ఎంత అందంగా ఉందనుకున్నారు! వేలిముద్రల్లా సుడులు తిరిగిన ఎత్తు గీతలు, కాలిబాటలు, ఇప్పుడు లేని గూడేల పేర్లు. మన పటమో, పెనం మీద అట్టులా చదును. రెండింటినీ ముక్కలు ముక్కలుగా ప్రింటు తీయించి, ఇంట్లో నేల మీద పరిచి, హడావిడిగా టేపు వేసి అతికించాను.

అతికించి చూద్దును కదా, కొల్లూరు పక్కన, సరిగ్గా మా మామగారి లంక పొలం ఉన్నచోట ఎనిమిది వందల అడుగుల కొండ! దాని నెత్తిన 'పాడుబడ్డ కోట' అని ఇంగ్లీషులో రాసుంది.

బుద్ధున్నవాడు ఇక్కడ ఆగి ఆలోచిస్తాడు. నేను బండి తీశాను.

"కొండేంటి బాబూ?" అన్నారు మామగారు. "మా లంకలో చీమలపుట్ట కూడా వరదకి నిలవదు."

"అదే కదండీ మామయ్యగారూ! వరదలు వేసిన మేట కింద కొండ కూరుకుపోయింది. పైన మీరు అరటి వేశారు. కింద కోట ఉంది."

"ఎనిమిదొందల అడుగులు కూరుకుపోయిందా?"

"కృష్ణమ్మకి అదో లెక్కాండీ?"

ఆయనకి నమ్మకం కుదరలేదు. కానీ కొత్త అల్లుడు గాడిదను చూపించి గుర్రమంటే మామగారు జీను వెతికే రోజులవి. సరేనన్నారు. నేను ఊరుకున్నానా? స్కూలు వాట్సాప్ గ్రూపులో 'కొల్లూరులో కోట' అని పెట్టేశాను. ఆదివారం పొద్దున్నకి రేపల్లె నుంచి, బాపట్ల నుంచి కూడా జనం పడవెక్కి లంకకి వచ్చేశారు.

ఇద్దరు కూలీలు పలుగు వేశారు.

"సార్, ఇసకండి."

"తవ్వండి."

"ఇంకా ఇసకేనండి."

"ఇంకా తవ్వండి!"

"సార్, నీళ్లండి."

"ఇక్కడ కాదు, పక్కన!"

గెలలు వేసిన చెట్లు ఒక్కొక్కటే ఒరుగుతున్నాయి. చెట్టు పడినప్పుడల్లా మామగారు కండువాతో మొహం తుడుచుకుంటున్నారు. అయినా ఇంతమంది ముందు ఆగడమెలా? గట్టు మీద అటూ ఇటూ పచార్లు చేస్తూ, లేని కోటకి బురుజులెన్నో వివరిస్తున్నాను.

అప్పుడు మజ్జిగ తెచ్చారు మా అత్తగారు. సగం ఊరికి రైకలు కుట్టే మనిషి. బల్ల మీద పరిచిన పటం వైపు వంగి చూశారు.

"అల్లుడుగారూ, కృష్ణ ఇక్కడ ఆగిపోయిందేంటండీ?"

"ఏరు ఆగడమేంటండీ అత్తయ్యగారూ?"

"ఈ టేపు దాకా అరచేతి వెడల్పున వచ్చింది. టేపు దాటాక చుక్క నీళ్లు లేవు. పూలగుడ్డ కుట్టేటప్పుడు అతుకు దగ్గర పువ్వు కలవలేదంటే, వేరే ముక్క పెట్టామన్నమాటండి."

వచ్చినవాళ్ల తలలన్నీ పటం మీదికి వంగాయి. అది మన్యం ముక్క. మన్యంలో కొండని తెచ్చి మామగారి తోటలో అతికించాను! కొండను తవ్వి ఎలుకను పట్టినవాడు నాకంటే నయం. వాడికి కొండా ఉంది, ఎలుకా ఉంది.

ఎక్కడివాళ్లక్కడ నవ్వుతున్నారు. నేను మామగారి మొహం చూడలేక గోతిలోకి చూస్తున్నాను. ఆయన మెల్లగా లేచి, కండువా దులిపి, జనం వైపు తిరిగారు.

"ఏంటా నవ్వులు? మా అల్లుడు నుయ్యి తవ్వించాడు. ఎండాకాలం తోటకి నీళ్లు కావద్దూ?"

ఆ మాటకి నా కళ్లలో ఊరినన్ని నీళ్లు ఆ గోతిలో కూడా ఊరలేదు.

మర్నాడే దానికి గట్టు కట్టించారు. లంకవాళ్లు మాత్రం దాన్ని నుయ్యి అనరు, 'అల్లుడుగారి కొండ' అంటారు. బహుశా దేశం మొత్తం మీద చేదతో నీళ్లు తోడుకునే కొండ అదొక్కటే.

కాబట్టి పాఠకులారా, కృష్ణమ్మ సాక్షిగా, నరికించిన ప్రతి అరటిచెట్టుకీ క్షమాపణ చెప్పుకుని ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఈ జన్మలో నేను పటాలు అతికించను. తప్పనిసరైతే, అత్తగారి చేత కుట్టిస్తాను.