కెమెరా చూడని వైపు

సెట్టింగ్ మామ పోయాడని అత్త ఫోన్ చేసినప్పుడు నేను షాపులో టర్పెంటైన్ సీసాల మీది దుమ్ము తుడుస్తున్నాను. పొద్దున తొమ్మిదిన్నర. కాఫీ తాగి, పేపర్ మడిచి ఒళ్లో పెట్టుకుని, కుర్చీలోనే అట్లా ఉండిపోయాడట. "పిలిస్తే పలకలా పాపా. సరే, కునుకు పట్టిందిలే అని నేను చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటా కూర్చున్నా" అంది అత్త. షట్టర్ దించి పరిగెత్తాను. వాళ్ల మెట్లు ఎక్కాక చూసుకుంటే తుడిచే గుడ్డ ఇంకా నా చేతిలోనే ఉంది.

ఆయన నాకు చుట్టం కాదు. చెన్నై కోడంబాక్కంలో మా రంగుల షాపు వెనక సందులో, మేడ మీద ఉండేవాళ్లు. మా నాన్న కాలం నుంచీ మా దగ్గరే రంగులు కొనేవాడు కాబట్టి ఆయన మామ, ఆయన భార్య అత్త. సినిమాలకు మినియేచర్లు, చిన్న సైజు సెట్టింగులు కట్టడం ఆయన పని, అందుకే సెట్టింగ్ మామ. అంటే వరదలో ఊరు మునగాలి, రైలు వంతెన కూలాలి, కోట తగలబడాలి అని కథలో ఉంటుంది. నిజం ఊరిని ముంచలేరు కదా. అందుకని రెండు మంచాలంత జాగాలో ఊరు కట్టి ముంచేవాళ్లు. ఇళ్లు, గడ్డివాములు, దండెం మీద ఆరేసిన చీరలు, అన్నీ ఈయన చేతిమీదే. నెల్లాళ్లు కట్టడం, ఒక్క పూటలో ముంచడం. నలభై ఏళ్లలో ఆయన కట్టిన ఊళ్లలో ఒక్కటీ మిగల్లేదు.

అత్తకు ఇదొక పాత దెప్పు. "థియేటర్లో పక్కనామెకి నీళ్ల బాటిల్ అందించి తిరిగే లోపల మీ మామ ఊరు మునిగిపాయ" అనేది. పెళ్లయిన నాటి నుంచి ఆయన పనిని అత్త చూసిందంతా కలిపితే రెండు నిమిషాలు ఉంటుందేమో. మామ నవ్వేసేవాడు. కానీ ఒకసారి నాతో అన్నాడు, నేను చేసింది ఎవురన్నా చేతిలోకి తీసుకుని తీరిగ్గా చూడాల పాపా, ఒక్కసారి చాలు అని. ప్రైజులూ పేరూ ఏమీ అక్కర్లేదు ఆయనకు. అదొక్కటే.

కంప్యూటర్లలో ఊళ్లు ముంచడం వచ్చాక ఆయనకు పని ఆగిపోయింది. రోజూ పొద్దున మా షాపుకొచ్చి స్టూల్ మీద కూర్చునేవాడు. పేపర్ చదివేవాడు, వచ్చిన కస్టమర్లకు నాకంటే బాగా సలహాలు చెప్పేవాడు. గోడకు వేసే రంగు అడగడానికి వచ్చినవాళ్లు కూడా ఆయన మాటలు విని అరగంట నిలబడిపోయేవాళ్లు.

ఇక్కడ నా సంగతి కూడా కాస్త చెప్పాలి, లేకపోతే ఇది అతకదు. కొన్నేళ్ల కింద షోళింగనల్లూరులో ఐటీ ఉద్యోగం చేసే గుంటూరమ్మాయి ఒకతె మా షాపుకొచ్చి అన్నిటికంటే సన్న బ్రష్ కావాలంది. మూడు సున్నాల బ్రష్ తీసిచ్చాను. ఆ అమ్మాయి బ్యాగులోంచి బొటనవేలంత ప్లాస్టిక్ సైనికుణ్ణి తీసి కౌంటర్ మీద పెట్టింది. వాడి కనుబొమలకు రంగు వేయాలట. ఇట్లాంటి బొమ్మలతో యుద్ధం ఆట ఉంటుందని, బల్ల మీద చిన్న కొండలూ కూలిన గోడలూ పెట్టి, టేపుతో కొలుచుకుంటూ, పాచికలు వేసుకుంటూ ఆడతారని, ఏడాదికోసారి వాళ్ల ఆఫీసులుండే రోడ్డు, ఓఎంఆర్‌లో ఒక హాల్లో అందరూ కలుస్తారని ఆ అమ్మాయే చెప్పింది. సరే, బ్రష్‌లు అమ్ముకోవచ్చు కదా అని ఆ ఏడు వెళ్లి ఒక మూల బల్ల వేసుకున్నాను. వచ్చేటప్పుడు ఇరవైమంది సైనికుల డబ్బా కొనుక్కుని వచ్చాను. వ్యాపారానికి పోయి వ్యసనం తెచ్చుకున్నావని మా ఆయన ఇప్పటికీ అంటాడు.

గిరాకీ లేని మధ్యాహ్నాలు కౌంటర్ మీదే రంగులు వేసుకునేదాన్ని. మామ కొన్నాళ్లు ఓర్చుకున్నాడు. ఒకరోజు ఇక ఉండలేక నా చేతిలోంచి బొమ్మను తీసుకుని, ఒక కన్ను మూసి, చేయి చాచి దూరంగా పట్టుకుని చూశాడు. అది ఆయన అలవాటు. లెన్సులోంచి చూసినట్టు చూసేవాడు దేన్నైనా, మా అమ్మాయి పెళ్లి పత్రికను కూడా.

"ఇంత తళతళ ఏంది పాపా? యుద్ధానికి పోతా ఉండాడా, నలుగుపెట్టి స్నానం చేసొచ్చినాడా?"

ఆ రోజు నుంచి ఆయన చెప్పడం, నేను నేర్చుకోవడం. టీ కాచి పారేసిన పొడిని ఎండబెట్టి జల్లిస్తే మంచి మట్టి అవుతుంది. ఇటుక పొడి అసలు ఎర్ర నేల. "కొత్త దుమ్ము అబద్ధం చెప్తాది" అనేవాడు. ఒక నెల తర్వాత ఆయనే ఒక డబ్బా అడిగాడు, ఇరవైమందిని. మూడు నెలలు పట్టింది వాళ్లకు రంగులు వేయడానికి. షాపు రాక్‌లో, తాళాల డబ్బా పక్కన, వరుసగా మమ్మల్ని చూస్తూ నిలబడి ఉండేవాళ్లు. ఒకడి ముఖంలో జ్వరం, ఒకడికి నిద్ర చాలలేదు, ఒకడు ఇంటి నుంచి ఉత్తరం రాలేదని దిగులు పడుతున్నాడు. గోరంత ముఖంలో ఇంత ఎట్లా పట్టించాడో నాకు ఇప్పటికీ తెలియదు.

హాల్లో రంగుల పోటీ కూడా ఉంటుంది మామా, ఇవి పెడదాం అన్నాను. మర్నాడు తెల్లచొక్కా ఇస్త్రీకి ఇచ్చాడని అత్త చెప్పింది.

బయలుదేరే ముందు రోజు బొమ్మల్ని దూదిలో చుట్టి బిస్కెట్ డబ్బాలో సర్దింది నేనే. అప్పుడు చూశాను. ముందువైపు అంత పని చేసిన ప్రతి బొమ్మకూ వీపు మాత్రం ఉత్త బూడిద రంగు. మొదటి పూత తప్ప ఏమీ లేదు. చూశాను, నా స్టాల్‌కు పట్టుకెళ్లాల్సిన సామాను లెక్క చూసుకునే తొందరలో ఉన్నాను, ఆయనకు తెలియదా ఏంటి అనుకున్నాను. అడగలేదు. ఈ మాట అత్తకు కూడా చెప్పలేదు, మీకే చెబుతున్నాను.

కాల్ టాక్సీలో దారి పొడుగునా డబ్బాను ఒళ్లోనే పెట్టుకుని, మూత మీద రెండు చేతులూ ఆనించి కూర్చున్నాడు. హాల్లోకి అడుగు పెట్టగానే గుమ్మంలోనే ఆగిపోయాడు. ఏసీ చల్లదనం, తెల్లటి లైట్లు, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా బల్లలు, బల్ల బల్లకూ ఒక ఊరు. మంచు కురిసిన ఊరు, ఎడారి ఊరు, పొగగొట్టాలున్న ఊరు. పాచికలు రాలే శబ్దం ఎక్కడో వాన మొదలైనట్టు వినిపిస్తోంది. మామ ఒక్కో బల్ల దగ్గర ఆగి, మోకాళ్ల మీద చేతులు ఆనించి, కళ్లు బల్ల అంచుకు వచ్చేదాకా వంగి, ఆ ఊరి వీధుల్లో నడిచొస్తున్నట్టు చూశాడు. ఎంతసేపు గడిచిందో తెలియదు. ఒక వంతెన దగ్గర నన్ను చేయి పట్టి ఆపాడు.

"ఆట అయిపోయినాక దీన్ని ఏం చేస్తారు పాపా?"

"ఇంటికి తీసుకుపోతారు మామా."

"తగలబెట్టరా?"

లేదన్నాను. ఆయన ఆ వంతెనను వేలితో ముట్టుకున్నాడు, నీళ్లు తడిగా ఉన్నాయేమో చూసినట్టు. ఆ తర్వాత చాలాసేపు కలలో తన సొంత ఊరికి పోయినవాడు నిద్ర లేవకూడదని మెల్లగా నడుస్తున్నట్టు నడిచాడు.

పోటీ బల్ల దగ్గర ఆ గుంటూరమ్మాయే జడ్జి. తెల్ల గ్లోవ్స్ వేసుకుని ఒక్కో బొమ్మను చూస్తోంది. మామ బొమ్మల దగ్గరికి వచ్చి ఆగిపోయింది. వంగి ముఖాలు చూసి, పక్కనున్న ఇంకో జడ్జిని పిలిచి చూపించింది. తర్వాత ఒకణ్ణి, వాడు నిలబడే కింది బిళ్ళ పట్టుకుని జాగ్రత్తగా చేతిలోకి తీసుకుంది. నాకు ఎదురుగా మామ కనిపిస్తున్నాడు. ఆ అమ్మాయి చేతినే చూస్తున్నాడు. ఆ అమ్మాయి తీరిగ్గా ముఖం చూసింది, ఖడ్గం చూసింది, వెనక్కి తిప్పింది. ఇంకొకణ్ణి తీసి తిప్పింది. ఇంకొకణ్ణి.

"ఇంకా పూర్తి కాలేదాండీ బాబాయ్ గారూ?" అని అడిగింది, మెత్తగానే.

"అయిపోయిందమ్మా. కెమెరా ఈ పక్క కదా" అని మామ బొమ్మ ముఖం వైపు చూపించాడు.

"ఇక్కడ కెమెరా లేదండీ."

మామ తల ఊపాడు. ఆ అమ్మాయి తిప్పి పెట్టిన వాళ్లను ఒక్కొక్కరినే మళ్లీ ముందుకు తిప్పి వరుసలో నిలబెట్టాడు. నలభై ఏళ్లు కెమెరా ఎక్కడుంటుందో అడిగి, ఆ వైపే గోడలు పూసిన మనిషి. వెనక వైపు కర్రలూ మేకులే. సినిమాలో అదే సరైన పని, వెనక రంగు వేస్తే రంగు దండగ అని తిట్టేవాళ్లు. తర్వాత టీ తాగుదామన్నాడు. మధ్యాహ్నం నాకు ఒక ఆట ఉంటే నా కుర్చీ వెనక కూర్చుని చూశాడు. నేను ఎప్పటిలాగే ఓడిపోయాను. తిరుగు దారిలో ఒక్కసారే మాట్లాడాడు.

"ఊరికి వెనక కూడా ఉంటాదని మర్చేపోయినా పాపా."

పది రోజులు షాపుకు రాలేదు. నేను మేడెక్కి అడగడానికి మొహం చెల్లక ఊరుకున్నాను. పదకొండో రోజు వచ్చి స్టూల్ మీద కూర్చున్నాడు, పేపర్ తీయలేదు.

"ఆ పొద్దు నువ్వు ఆడతా ఉంటే నీ వెనక కూర్చోనుంటి గదా. నీ సైన్యం ముఖాలన్నీ ఎదుటోళ్లకి. నీకు కనపడిందంతా వీపులే."

అవును మామా అన్నాను. నేనెప్పుడూ ఆలోచించలేదు.

"మరి ఆట అంతా నువ్వు చూసేది వీపుల్ని అయితే, ముఖాలు ఎవురికోసం పూస్తా ఉండావు?"

ఆ రోజే మూడు సున్నాల బ్రష్ కొత్తది తీసుకుని వీపులు మొదలుపెట్టాడు. ముఖాలకు మూడు నెలలు పట్టింది, వీపులకు పది నెలలు. సెట్లో ముందు కెమెరా, దాని వెనక పెద్దవాళ్లు, వాళ్ల వెనక లైట్లవాళ్లు, అందరి వెనకా మేము, మా కంటికి ఎప్పుడూ వీపులే, నాకు ముఖాలకంటే అవే బాగా తెలుసు అనేవాడు. నిజమే. ఒకడి నల్ల అంగీ మీద చెమట ఆరిన ఉప్పు చార. ఒకడికి సంచీ పట్టీ మోసి మోసి భుజం దగ్గర గుడ్డ వెలిసిపోయింది. ఒకడి వీపు చూస్తే ఇప్పుడే ఎవరో పిలిచారు, తిరగాలా వద్దా అనుకుంటున్నాడు. ఆ ఏడాది మా షాపులో పొద్దున వెలుతురు పడే జాగా ఆయనది. రంగు వేస్తుంటే రోడ్డు మీద బస్సు హారన్లు కూడా దూరం జరిగినట్టు ఉండేవి. నేను బిల్లు రాయడం మర్చిపోయి చూస్తుంటే, కస్టమర్ నన్ను మర్చిపోయి ఆయన్ను చూసేవాడు.

ఈసారి పోటీ వద్దన్నాడు. ఆడే కుర్చీలో కూర్చుంటానన్నాడు. రూల్స్ నువ్వు చూసుకో, వీళ్లను నేను చూసుకుంటా అన్నాడు. ఇరవయ్యో వీపు అయిపోయిన వారానికి పోయాడు. హాల్లో కలిసే రోజుకు ఇంకా నెల ఉంది.

పెద్దకర్మ అయ్యాక అత్త డబ్బా తెచ్చి కౌంటర్ మీద పెట్టింది. "ఇంట్లో పెట్టుకుని ముందు చూడాల్నో వెనక చూడాల్నో నాకేం తెలుసు. నువ్వే తీసుకుపో" అంది. నువ్వూ రా అత్తా అన్నాను. సందులో వాళ్లు ఏమంటారో అని ఒక పూట ఆలోచించింది. రెండో పూట, ఆ రోజు ఎన్ని గంటలకు బయలుదేరాలి అని అడిగింది.

పోయిన శనివారం వెళ్లాము. గుంటూరమ్మాయి తనే ఎదురు ఆడతానని కూర్చుంది. మామ కూర్చుంటానన్న కుర్చీలో అత్తను కూర్చోబెట్టి, ఇరవైమందిని బల్ల ఈ అంచున నిలబెట్టాను, వీపులు మా వైపు. అత్త ముక్కు మీదికి కళ్లజోడు లాక్కుని ముందుకు వంగింది. ఒకణ్ణి చేతిలోకి తీసుకుంది. ఆ ఉప్పు చార ఉన్నవాణ్ణి. చాలాసేపు చూసింది. ఎవరూ తొందరపెట్టలేదు. తర్వాత వాడి జాగాలో వాణ్ణి పెట్టింది.

ఆట మొదలైంది. మా వాళ్లు ఒక్కో వంతుకు జానెడు ముందుకు పోవాలి. నేను అలవాటుగా రెండు చేతులతో గబగబా తోసేస్తున్నాను.

"మెల్లిగా జరుపు పాపా" అంది అత్త.

అట్లాగే, ఒక్కొక్కరినే జరిపాను. గుంటూరమ్మాయి పాచికలు గుప్పిట్లో పట్టుకుని ఆగింది. కాగితం కొండ వైపు, మామ చెప్పినట్టు ఎండిన టీ పొడి పరిచిన దారి మీద, ఇరవై వీపులు ఒకదాని వెనక ఒకటి మా నుంచి దూరం పోతున్నాయి.